స్వయం ఉపాధిగా వీడియో చిత్రీకరణ

చదువు ముగించి కళాశాల గడప దాటే ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఇక ముందేమి?" అన్నది. ప్రభుత్వోద్యోగాలు కొద్ది, వానిని ఆశించేవారు కోకొల్లలు. కాబట్టి స్వయం ఉపాధి వైపు యువకుల దృష్టి మరలడం సహజమే. ఇటీవల సలహా కోరి మా వద్దకు వచ్చే విద్యార్థులలో పలువురు ఒకే మాట అడుగుతున్నారు: "సార్, బ్యాంకులో అప్పు తీసుకొని కెమెరా కొంటాము. పెండ్లి వీడియోలు తీసుకొంటే బ్రతకలేమా?" అని.

మేము తెలుగు బోధించేవారమే గాని వ్యాపారులము కాము. అయినప్పటికీ ఈ వృత్తిలో ఉన్న పూర్వ విద్యార్థులతో మాట్లాడి, వారి పనిని దగ్గరగా చూచి, సంబంధించిన చట్టాలను చదివి తెలుసుకొన్న సంగతులను ఈ వ్యాసంలో క్రోడీకరిస్తున్నాము. మా అభిప్రాయాన్ని ముందుగానే చెప్పుట మంచిది. ఈ వృత్తితో బ్రతకవచ్చును. అయితే దానికి కెమెరా పనిముట్టు మాత్రమే. అసలు మూలధనం ఇతరులు మన మీద ఉంచే నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలిపేది ముందుచూపు, వ్రాతపూర్వకమైన ఒప్పందం, నిక్కచ్చి లెక్క. ఈ మూడూ లేనివాడు ఎంత విలువైన కెమెరా కొన్నా అప్పుల పాలవుతాడు.

మన ప్రాంతపు అనుకూలత

తిరుపతి, చిత్తూరు ప్రాంతం ఈ వృత్తికి అనువైనదనడంలో సందేహం లేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి ప్రత్యేక జిల్లా అయినది. జిల్లాలు రెండైనా పెండ్లి రాకపోకలు మాత్రం వేరుపడలేదు. ఏడుకొండల స్వామి సన్నిధిలో పెండ్లి చేసుకొందుమని మ్రొక్కుకొన్నవారు ఎక్కడెక్కడి నుండో ఇక్కడికి వస్తారు. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక చేరువలోనే ఉన్నవి. ఒకే సంవత్సరంలో తెలుగు పెండ్లి, తమిళ పెండ్లి, నికాహ్, చర్చిలో వివాహం - అన్నింటికీ పని చేసే అవకాశం మన పట్టణాలలో ఉన్నది. తెలుగు, ఉర్దూ రెండూ తెలిసి, తమిళం కొంత అర్థమయ్యే మన విద్యార్థికి ఇది చిన్న అనుకూలత కాదు.

ఆ భాషాజ్ఞానం మరొక విధంగా కూడ అక్కరకు వస్తుంది. వీడియో మొదట వచ్చే పేర్ల పలకలో వధూవరుల పేర్లు తప్పుగా పడితే ఆ తప్పు ఆ కుటుంబంలో తరతరాలు నిలిచిపోతుంది. తెలుగు వర్ణక్రమమూ, ఉర్దూ లిపిలో పేరు వ్రాసే పద్ధతీ తెలిసినవాడు ఆ ఒక్క విషయంలోనే పదిమందిలో ప్రత్యేకంగా కనిపిస్తాడు. కళాశాలలో చదివిన భాష వ్యాపారానికి పనికిరాదనుకొనేవారు దీనిని గమనించవలెను.

యంత్రాలు మారిన తీరు

జపాను దేశపు జె.వి.సి. సంస్థ 1976లో వి.హెచ్.ఎస్. క్యాసెట్టును ప్రవేశపెట్టినది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా మన దేశంలో రంగుల టెలివిజన్ ప్రసారాలు మొదలైనవి. ఆ దశాబ్దంలోనే పెండ్లి వీడియో మన పట్టణాలకు అలవాటైనది. కెమెరా ఒకరి భుజం మీద, దానికి తీగతో కలిపిన రికార్డరు మరొకరి చేతిలో, కండ్లు మిరుమిట్లు గొలిపే హాలోజెన్ దీపం ఇంకొకరి చేతిలో ఉండిన దృశ్యం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1995లో చిన్న డిజిటల్ టేపు వచ్చినది. 2008లో నికాన్ డి 90, కెనాన్ 5 డి మార్క్ 2 అనే ఫొటో కెమెరాలే వీడియో కూడ తీయగల శక్తితో వెలువడినవి. సినిమాలలో వలె ముఖం స్పష్టంగా ఉండి వెనుక భాగం మసకబారే చిత్రీకరణ నాటి నుండి పెండ్లి వీడియోలకు వచ్చినది. నేడు చేతిలోని ఫోను సైతం ఆ పనిలో కొంత చేయగలుగుతున్నది.

ఈ మార్పులలో ఒక పాఠం ఉన్నది. మారిన ప్రతిసారీ యంత్రం తేలికైనది, అందరికీ అందుబాటులోనికి వచ్చినది. కెమెరా నా దగ్గర మాత్రమే ఉన్నదని ధైర్యపడే రోజులు పోయినవి. అతిథులందరి చేతిలో కెమెరా ఉన్న మంటపంలో మనకు డబ్బిచ్చి పిలిచేవారు దేనికొరకు పిలుస్తున్నారు? ఎవరు తీసినా తీయకపోయినా ఈ మనిషి తీస్తాడు, తీసినదానిని పోగొట్టడు, చెప్పిన రోజుకు ఇస్తాడు అన్న భరోసా కొరకు. ఈ వృత్తిలో అమ్ముడుపోయే సరకు ఆ భరోసాయే.

తిరిగిరాని క్షణం

సినిమాలో దృశ్యం బాగుగా రాకపోతే మరల తీస్తారు. పెండ్లిలో ఆ వీలు లేదు. కాబట్టి ఏ క్షణం ముఖ్యమైనదో ముందే తెలిసి ఉండవలెను. తెలుగువారి పెండ్లిలో సుముహూర్తమనగా వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం ఉంచే సమయం. తమిళ కుటుంబాలలో తాళి కట్టే సమయమే ముహూర్తం. రెండు సంప్రదాయాలూ కలిసిన మన సరిహద్దు ప్రాంతంలో ఈ భేదం తెలియనివాడు అసలు ఘడియలో లెన్సు మార్చుకొంటూ నిలబడే ప్రమాదం ఉన్నది. ముందు రోజు సాయంత్రం రిసెప్షన్, మరునాటి తెల్లవారుజామున ముహూర్తం మన వైపు అనేకచోట్ల వాడుక. రాత్రి 11 గంటల వరకు పని చేసినవాడు వేకువన 4 గంటలకు బ్యాటరీలు నింపుకొని సిద్ధంగా ఉండవలసి వస్తుంది. ఇందుకు శరీర దారుఢ్యం కూడ అవసరమే.

నికాహ్ విషయం వేరు. అది కొద్ది నిమిషాలలో ముగిసే కార్యం. వకీలు, సాక్షులు జనానాలోనికి వెళ్లి వధువు సమ్మతి తీసుకొంటారు. ఖాజీ సాహెబు ఖుత్బా చదివి, మహర్ ప్రకటించి, వరుని చేత అంగీకారం పలికిస్తారు. అటు పిమ్మట దుఆ, సంతకాలు, ఖర్జూరాల పంపకం. అనగా ఒకే కార్యం రెండు చోట్ల జరుగుతుంది. ఒక్క కెమెరాతో వెళ్లినవాడు అందులో సగమే తీయగలడు. ఇక్కడ దృశ్యం కంటె మాట ముఖ్యం. "ఖుబూల్ హై" అన్న పలుకు వినపడని నికాహ్ వీడియో ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే. కొన్ని కుటుంబాలవారు చిత్రీకరణను అసలే ఒప్పుకొనరు. మరికొందరు పురుషుల వైపు మాత్రమే ఒప్పుకొంటారు. ఆ సంగతి ముందుగా పెద్దలను అడిగి తెలుసుకొనుట మర్యాద.

చర్చిలో ప్రమాణాల సమయంలో ఎక్కడి వరకు వెళ్లవచ్చునో, దీపం వేయవచ్చునో లేదో పాస్టరుగారిని ముందుగా అడగవలెను. ఏ మతమైనను సూత్రం ఒక్కటే. అక్కడ జరుగుతున్నది ఒక పవిత్ర కార్యం. మనం దానికి సాక్షులము మాత్రమే. పురోహితునికీ వధూవరులకూ నడుమ వీపు చూపుతూ నిలబడే వీడియోవానిని ఏ కుటుంబమూ రెండవసారి పిలువదు.

కొన్ని సాంకేతిక విషయాలు

సైన్సు విద్యార్థులకు సులభంగా బోధపడే విషయాలు మూడు చెప్పుదుము.

మొదటిది వెలుతురు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తుల ప్రవాహం. ఒక్కొక్క ఆవృత్తిలో రెండుసార్లు ప్రవాహం సున్నకు వస్తుంది గనుక ట్యూబులైటు వంటి దీపాలు సెకనుకు 100 మారులు మినుకుమంటాయి. కంటికి ఇది కనపడదు గాని కెమెరాకు కనపడుతుంది. షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతుగానో 100వ వంతుగానో ఉంచి, సెకనుకు 25 లేక 50 చిత్రాల చొప్పున తీసినచో ఈ మినుకు దృశ్యంలో పడదు. అమెరికా పద్ధతిలో 30 లేక 60 చిత్రాలకు అమర్చి, షట్టరును 60వ వంతున ఉంచి తీసినందువల్లనే కొన్ని వీడియోలలో నల్లని పట్టీలు ప్రాకుతూ కనిపిస్తాయి. వేదిక వెనుక పెట్టే ఎల్.ఇ.డి. తెరల లెక్క వేరు గనుక అతిథులు రాకమునుపే ఒకసారి తీసి చూచుకొనవలెను.

రెండవది ధ్వని. మాంగల్యధారణ సమయంలో గట్టిమేళం మ్రోగుతుంది. కెమెరాకు ఉన్న మైకు ఆ హోరునే పట్టుకొంటుంది. మంత్రం గాని, వధూవరుల మాట గాని వినపడదు. వరుని దుస్తులకో, పురోహితుని లేక ఖాజీ సాహెబు ముందరనో చిన్న మైకు వేరుగా అమర్చుట తప్పనిసరి.

మూడవది భద్రత. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4 కె. నాణ్యతలో తీసే కెమెరా గంటకు 45 గిగాబైట్ల స్థలం తీసుకొంటుంది. రెండు కెమెరాలు 6 గంటలు నడిస్తే 540 గిగాబైట్లు. దానికి రెండు ప్రతులు ఉంచితే ఒక్క పెండ్లికే ఒక టెరాబైటు మించిపోతుంది. ఈ ఖర్చుకు జంకి ఒకే ప్రతితో సరిపెట్టుకొనేవారున్నారు. హార్డ్ డిస్కు చెడిపోయిన నాడు వారు చెప్పగల సమాధానం ఏదీ ఉండదు. రెండు కార్డులలో ఒకేసారి నమోదు చేసే కెమెరాను వాడుట, వేరువేరు చోట్ల రెండు ప్రతులు చేరేవరకు కార్డును చెరపకుండుట, ఒక ప్రతిని వేరొక ఇంటిలో భద్రపరచుట - ఈ మూడు నియమాలను ఉల్లంఘించరాదు.

జనానా చిత్రీకరణ : మన విద్యార్థినులకు అవకాశం

ఈ వృత్తి పురుషులది మాత్రమేనన్న భావం ఉన్నది. చరిత్ర వేరొక సంగతి చెబుతున్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ (1844-1905) పేరు విననివారు అరుదు. పరదా పాటించే స్త్రీలు పురుషుల ఎదుట ఫొటోకు కూర్చోరని గ్రహించి ఆయన 1892లో హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచినాడు. దాని నిర్వహణను శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించినాడు. స్త్రీల మర్యాదను గౌరవించుట, వ్యాపారాన్ని విస్తరించుట అన్న రెండు పనులూ ఆ ఒక్క ఆలోచనతో నెరవేరినవి.

నేటికీ మన పట్టణాలలో ఆ అవసరం తీరలేదు. మెహందీ, హల్దీ, వధువు అలంకరణ, జనానాలోని రస్ములు - వీనిని స్త్రీ చేతనే తీయించవలెనని కోరే కుటుంబాలు అనేకం. హిందూ కుటుంబాలలో కూడ పెండ్లికూతురిని చేసే వేడుకకు స్త్రీ ఉంటే మేలని కోరుకొనేవారు ఉన్నారు. కెమెరా పట్టే అమ్మాయిలు తక్కువగుటచేత ఆ వేడుకలు బంధువుల ఫోనులలో అరకొరగా మిగిలిపోతున్నవి. ఇంటివద్దనే కంప్యూటరు ముందు కూర్చుండి చేయదగిన ఎడిటింగు కూడ ఆదాయమిచ్చే పనియే. జనానాలో తీసిన దృశ్యాలను తీసిన అమ్మాయే ఎడిట్ చేసి నేరుగా ఆ ఇంటి స్త్రీలకే అందజేసినచో, అవి పరుల కంటబడవన్న నిశ్చింత ఆ కుటుంబానికి కలుగుతుంది. అటువంటి నిశ్చింతకు కొంత ఎక్కువ చెల్లించడానికి ఎవరూ వెనుకాడరు. తల్లిదండ్రులకు ఒక సూచన: అమ్మాయి ఒంటరిగా గాక ఇద్దరు స్నేహితురాండ్రు జట్టుగా పని చేయుట, రాకపోకల బాధ్యతను ఒప్పందంలోనే వ్రాయించుకొనుట మేలు.

అప్పుకు ముందు లెక్క

ఇక అందరూ ఉత్సాహంలో విస్మరించే విషయానికి వద్దాము. ఈ క్రింది అంకెలు మేము ఉదాహరణకు ఊహించినవి. ఎవరి ధరలు వారు వేసుకొని ఇదే పద్ధతిలో లెక్కించుకొనవచ్చును.

ఒక యువకుడు 5 లక్షల రూపాయలు అప్పు చేసి కెమెరా, లెన్సులు, మైకులు, దీపాలు, కంప్యూటరు కొన్నాడనుకొందాము. వడ్డీ సంవత్సరానికి 12 శాతం, గడువు 5 సంవత్సరాలు అయితే నెలకు సుమారు 11,122 రూపాయల వాయిదా, అనగా సంవత్సరానికి 1,33,464 రూపాయలు. గది అద్దె, కరెంటు, మరమ్మతు, బీమా కలిపి నెలకు 8,000 చొప్పున 96,000. అయిదేండ్లకు యంత్రాలు పాతబడతాయి గనుక కొత్తవానికై ఏటా లక్ష రూపాయలు ప్రక్కన ఉంచవలెను. మొత్తం 3,29,464 రూపాయలు. ఒక్క పెండ్లి తీయకపోయినా ఈ ఖర్చు తప్పదు.

ఒక పెండ్లికి 40,000 రూపాయలు వస్తే, రెండవ కెమెరా మనిషికి, సహాయకునికి 10,000, ఎడిటింగుకు 6,000, వాహనం, భోజనాలకు 3,000, డిస్కులకు 2,000 పోగా మిగిలేది 19,000. ఈ లెక్కన మొదటి 17 పెండ్లిండ్ల ఆదాయం పూర్తిగా పై మొత్తం ఖర్చుకే చాలదు. 18వ పెండ్లి నుండి గాని ఇంటికి రూపాయి చేరదు. ఏడాదికి 30 పెండ్లిండ్లు దొరికితే నెలకు సగటున సుమారు 20,000 రూపాయలు మిగులుతుంది. 20 మాత్రమే దొరికితే నెలకు సుమారు 4,200. పది పెండ్లిండ్లు తగ్గుటచేత ఆదాయం దాదాపు అయిదవ వంతుకు పడిపోయినది! చేతిలో పడిన 40,000 తన సంపాదనయే అనుకొని ఖర్చు చేసేవాడు ఏడాది తిరిగేసరికి వాయిదా చెల్లించలేకపోవుటకు కారణమిదే.

పైగా పెండ్లిండ్లు సంవత్సరమంతా ఉండవు. హిందువులకు ఆషాఢం, మూఢాలు. ముస్లిములకు రంజాను, ముహర్రం. క్రైస్తవులకు శ్రమకాల దినాలు. 2024లో శుక్ర మూఢమి కారణంగా మే, జూన్ మాసాలు ముహూర్తాలు లేకుండానే గడచినవి. 2020లో కరోనా ఆంక్షల వేళ పెండ్లికి 50 మందికి మించి కూడరాదన్న నియమం వచ్చినప్పుడు ఎందరి చేతిలో పని పోయినదో తెలిసినదే. ముహూర్తాలు ఆగినంత మాత్రాన గది అద్దె ఆగదు. కాబట్టి పని ఉన్న నెలలలోనే పని లేని నెలలకు దాచుకొనవలెను.

అప్పు చేయదగదని మా అభిప్రాయం కాదు. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన క్రింద 50,000 రూపాయల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అనే పేర్లతో పూచీకత్తు లేని రుణాలున్నవి. అయితే మొదట ఒకటి రెండు పెండ్లి కాలాలు అనుభవజ్ఞుని వద్ద సహాయకునిగా పని చేసి, కెమెరాను అద్దెకు తెచ్చి కొన్ని పనులు స్వయంగా చేసి, వారు చెప్పగా వీరు, వీరు చెప్పగా మరొకరు పిలిచే స్థితి వచ్చిన పిమ్మట అప్పుకు వెళ్లుట క్షేమం.

వాణిజ్య చిత్రాలు

పెండ్లిండ్లు లేని నెలలకు ఆధారం వాణిజ్య చిత్రీకరణ. తిరుపతిలోని హోటళ్లు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, వస్త్ర దుకాణాలు. చిత్తూరు పరిసరాలలోని మామిడి గుజ్జు కర్మాగారాలు. సత్యవేడు వద్ద శ్రీసిటీలోని పరిశ్రమలు - వీరందరికీ నిమిషం, రెండు నిమిషాల ప్రచార చిత్రాలు అవసరం. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు కలంతో గీత గీసి రంగులద్దే విధానాన్ని ఒక నిమిషంలో చూపగలిగితే, ఆ చీర విలువ దూరదేశపు కొనుగోలుదారునికి కూడ అర్థమవుతుంది. ఇక్కడ కావలసినది అతిశయోక్తి లేని వివరణ. అది భాషా విద్యార్థికి అలవాటైన విద్యయే.

ఈ పనిలో చిక్కు డబ్బు ఆలస్యంగా రావడం. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. అందులో నమోదైన చిన్న సంస్థకు, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, కొనుగోలుదారు ఒప్పందం ఉన్నప్పటికీ 45 రోజులకు మించకుండా చెల్లించవలెను. మించితే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ కోరవచ్చును. ఈ మాట బిల్లు అడుగున వ్రాసి ఉంచినచో చాలవరకు తగవు లేకుండనే పని జరుగుతుంది. సేవల ద్వారా వచ్చే రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జి.ఎస్.టి. నమోదు తప్పనిసరియని కూడ గుర్తుంచుకొనవలెను.

చట్టం, మర్యాద

తీసిన వీడియో ఎవరి ఆస్తి? తీసినవానిదని పలువురు పొరబడతారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ విభాగం ప్రకారం, ప్రతిఫలం తీసుకొని ఒకరి కోరికపై తీసిన ఫొటోకు గాని చలనచిత్రానికి గాని, వేరు ఒప్పందం లేనప్పుడు, తీయించుకొన్నవారే మొదటి హక్కుదారులు. కాబట్టి మన ప్రచారం కొరకు వధువు ముఖాన్ని సామాజిక మాధ్యమాలలో పెట్టదలచినచో ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. చట్టం మాట అటుంచి, ఒక ఇంటి ఆడపిల్ల చిత్రం మన చేతిలో అమానతుగా ఉన్నదన్న స్పృహ ఉంటే చాలును.

పాటల విషయం కూడ అట్టిదే. పెండ్లి ఊరేగింపులో పాట మ్రోగించుటకు చట్టంలో మినహాయింపు ఉన్నది. అదే పాటను వీడియోకు అతికించి లోకానికి విడుదల చేయుట వేరు. నటి నయనతార, దర్శకుడు విఘ్నేశ్ శివన్‌ల పెండ్లి 2022 జూన్ 9న మహాబలిపురంలో జరిగినది. వారి వివాహ దృశ్యాలతో కూడిన డాక్యుమెంటరీ 2024 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినది. అందులో తమ చిత్రానికి సంబంధించిన సుమారు 3 సెకన్ల దృశ్యం అనుమతి లేకుండా వాడినారని నటుడు, నిర్మాత ధనుష్ పక్షంవారు 10 కోట్ల రూపాయలు కోరగా ఆ వివాదం మద్రాసు హైకోర్టుకు ఎక్కినది. అంత పెద్దవారికే తప్పని చిక్కు మనకు తప్పుతుందా?

ఆ దంపతులే పెండ్లి మరునాడు తిరుమలకు వచ్చి మాడవీధులలో పాదరక్షలతో నడచి ఫొటోలు తీయించుకొన్నారన్న విమర్శ రాగా క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చినది. తిరుమల ఆలయంలోనికి ఫోను గాని కెమెరా గాని తీసుకొనిపోరాదు. కొండపై డ్రోను నిషిద్ధం. 2023 జనవరిలో ఆలయాన్ని ఆకాశం నుండి చూపే దృశ్యాలు బయటపడినప్పుడు దేవస్థానంవారు పోలీసులకు ఫిర్యాదు చేసినారు. గిరాకీదారు ఎంత ఒత్తిడి చేసినా ఈ విషయంలో "కాదు" అని చెప్పుటయే శ్రేయస్కరం.

కొండ క్రింద కూడ డ్రోనుకు నియమాలున్నవి. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నియమాల ప్రకారం, పనిచేస్తున్న విమానాశ్రయపు సరిహద్దు నుండి 8 కిలోమీటర్లలోపు ఎగురవేయుటకు ముందుగా అనుమతి అవసరం. రేణిగుంట విమానాశ్రయం దగ్గరలో ఉన్న మంటపాలకు ఇది వర్తిస్తుంది. 250 గ్రాముల లోపు బరువు గల డ్రోనుకు తప్ప, కిరాయికి తీసే చిత్రీకరణకు రిమోట్ పైలట్ ధ్రువపత్రం కావలెను. "పెండ్లియే గదా, ఎవరడుగుతారు?" అనేవాడు జనసమ్మర్దం మీద డ్రోను కూలిన రోజున ఏమి చేస్తాడో ఆలోచించుకొనవలెను.

ఒప్పంద పత్రం

ఒక్క పేజీ చాలును. తేదీలు, వేళలు, మంటపం. ఎందరు వస్తారు, అందులో స్త్రీలు ఎందరు. ఏమేమి ఇస్తాము - పూర్తి నిడివి వీడియో, సంక్షిప్త వీడియో. ఎన్ని రోజులలో ఇస్తాము. ఎన్నిసార్లు మార్పులు చేస్తాము. అడ్వాన్సు ఎంత, పెండ్లినాడు ఎంత, వీడియో అందించేటప్పుడు ఎంత. పెండ్లి వాయిదా పడితే అడ్వాన్సు సంగతేమి. చిత్రీకరించువానికి జబ్బు చేస్తే బదులుగా ఎవరు వస్తారు. దృశ్యాలను ఎంతకాలం భద్రపరుస్తాము. ప్రచారానికి వాడుకొనుటకు అనుమతి ఉన్నదా లేదా. ఇవన్నీ వ్రాసి ఇరువురూ సంతకం చేయవలెను. మన ప్రాంతంలో తెలిసినవారి వద్ద, బంధువుల వద్ద కాగితం అడుగుటకు మొగమాటపడతారు. నిజానికి కాగితం స్నేహాన్ని చెరపదు. లేని కాగితమే చెరుపుతుంది.

ముగింపు

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటి ఉన్నది. ప్రతి విద్యార్థీ వేరువేరుగా లక్షల అప్పు చేసి నేర్చుకొనుటకు బదులు, కళాశాలలో ఒక కెమెరా, ఒక కంప్యూటరు, రెండు మైకులు ఏర్పాటు చేసి, వేసవి సెలవులలో అనుభవజ్ఞుల చేత శిక్షణ ఇప్పించినచో ఎందరికో ఉపకరిస్తుంది. విద్యార్థినులకు వేరుగా ఒక తరగతి నడిపితే మరింత సంతోషం. కళాశాల వార్షికోత్సవాన్ని వారే చిత్రీకరించినచో అదే వారి మొదటి పరీక్ష అవుతుంది.

విద్యార్థులకు చెప్పదలచినది ఇంతే. కెమెరా దుకాణానికి వెళ్లేముందు ఒక కాగితం, ఒక కలం తీసుకొని పైన చూపిన లెక్కను మీ అంకెలతో వేయండి. ఎన్నవ పెండ్లి నుండి మీ ఇంటికి రూపాయి చేరుతుందో తేల్చుకొనండి. ఆ సంఖ్యను చూచి కూడ మీకు ధైర్యం సడలకపోతే, ఈ వృత్తి మిమ్ములను పోషించగలదు.